మూసీ ఊట ఎక్కడున్నది? అనంతగిరిలనా, హైటెక్ సిటీలనా?



ఈసారి పోస్టు కొంచెం పెద్దగ ఉంటది. నాట్లు అయిపోయినయి, కలుపు ఇంకా మొదలు కాలే. తీరిక చూసుకొని చదువుండ్రి. మన మూసీ కథ ఇది. పాత కథే, కానీ చివరికి వచ్చేసరికి మన వచ్చే యాసంగి పంట ముచ్చట అయితది.

మొన్న ఎండకాలం పట్నంల కొడుకు దగ్గర వారం రోజులున్న. కొండాపూర్ దిక్కు తొమ్మిదో అంతస్తుల కిరాయికి ఉంటడు. పొద్దుగాల లేసి బాల్కనీల నిలబడితే హైటెక్ సిటీ అద్దాల బిల్డింగులు వరుసగ కనిపిస్తయి. మనవరాలు పళ్లు తోముకుంట నల్లా అట్లనే వదిలిపెట్టింది. "నీళ్లు పోతున్నయి బిడ్డా, బంద్ చెయ్యి" అన్న. "ఈ నీళ్లు ఎక్కడికి పోతయి తాతా?" అని అడిగింది. "మన పొలానికే" అన్న. నవ్వింది, నమ్మలే.

నేను నవ్వులాటకు అనలే. మాది వలిగొండ దిక్కు, భీమలింగం కత్వ కింద మూడెకరాలు. కొండాపూర్‌ల ఆ బేసిన్ల పడ్డ నీళ్లు నాలాల పడి, మూసీల కలిసి, కత్వ దాటి, కాల్వల నుంచి నా మడిలకు వస్తయి. అయితే ఆ బేసిన్లకు నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినయి? ఆ పొద్దు నుంచి అదే ఆలోచన. తెలుసుకున్నది తెలుసుకున్నట్టు రాస్తున్న.

మొదట అసలు మూసీ ఎట్లుండేదో చెప్పాలె.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలల్ల పుడతది. పెద్దలు ముచుకుంద నది అనేటోళ్లు. సుమారు 240 కిలోమీటర్లు నడిచి, దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణల కలుస్తది. ఇది మంచుకొండల నది కాదు, వాన నది. వాన పడితే పారుడు, వాన పోతే ఆగుడు. దీనికి కారణం పైన ఆకాశంల ఎంత ఉన్నదో కింద నేలల అంత ఉన్నది. పట్నం నుంచి మన దాకా కింద ఉన్నదంతా నల్లరాయి, అంటే గ్రానైటు. గ్రానైటు నీళ్లు తాగదు. పైన మొరం పొర కొంత తాగుతది, కింద పగుళ్లల్ల కొంత నిలుస్తది. అందుకే మన బోర్లు ఒకడికి 200 అడుగులకు పడితే పక్కోడికి 800 అడుగులకు కూడా పడవు. ఇసొంటి నేల మీద నదికి కింది నుంచి ఊట తక్కువ. ఎండకాలం వస్తే ఇసుక మేట తప్ప ఏం ఉండకపోయేది.

మా తాత చెప్పేటోడు. మాఘమాసం దాటితే మూసీల చెలిమలు తోడుకునేటోళ్లట. మూరెడు తవ్వితే తేట నీళ్లు. ఆ నీళ్లే తాగేది, ఆ నీళ్లతోనే పప్పు ఉడికేది. వానకాలం కత్వల మీదికెల్లి వచ్చిన నీళ్లు కాల్వల పడి చెరువులు నింపేది. చెరువు నిండితే ఒక పంట, లేకుంటే జొన్నలు. మన కత్వలన్నీ ఈ లెక్క మీదనే కట్టిండ్రు: నాలుగు నెలలు వచ్చేదాన్ని పట్టుకోవాలె, ఎనిమిది నెలలు సగబెట్టుకోవాలె.

ఇగ నీళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మళ్లించుడు కొత్తది అనుకోకుండ్రి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంల, 1562 ప్రాంతంల, హుస్సేన్ షా వలీ హుస్సేన్ సాగర్ కట్టించిండు. మూసీ నుంచి కాల్వ తవ్వి దాన్ని నింపేటోళ్లు. హైటెక్ సిటీ పక్కన ఇప్పుడు తీగల వంతెన ఉన్న దుర్గం చెరువు కూడా ఆ కాలందే, గోల్కొండ కోటకు అక్కడి నుంచి మంచినీళ్లు పోయేటియి. అయితే అప్పటి మళ్లింపుకు ఒక హద్దున్నది. వాలు ఎటు ఉంటే నీళ్లు అటే పోవాలె. గుట్ట ఎక్కిచ్చుడు లేదు. అందుకే ఎంత మళ్లించినా మూసీ నీళ్లు మూసీ కడుపులనే తిరిగేది.

నది లెక్క మొదటిసారి పెద్దగ మారింది 1908 వరద తర్వాత. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్నంల వేలమందిని పొట్టన పెట్టుకున్నది. అఫ్జల్‌గంజ్ దగ్గర దవాఖాన ఆవరణల చింతచెట్టు ఎక్కి నూరు మందికి పైగా బతికిండ్రని ఇప్పటికీ చెప్పుకుంటరు, ఆ చెట్టు ఇంకా ఉన్నది. నిజాం ప్రభుత్వం మైసూరు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్క తీస్తే పట్నం పైన మూసీ పరీవాహకంల 788 చెరువులున్నయి, అండ్ల 221 తెగినయి అని తేలింది. అంటే ఒక్క వాన కాదు, ఒకదాని మీద ఒకటి తెగిన చెరువులు కూడా పట్నాన్ని ముంచినయి. చెరువు కింద చెరువు ఉన్న మనకు ఈ మాట వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆయన చెప్పిన మందు రెండు పెద్ద కట్టలు. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920ల, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927ల పూర్తయినయి. ఒకదాంట్ల 3.9 టీఎంసీలు, ఇంకోదాంట్ల దాదాపు 3 టీఎంసీలు పడతయి. వరద ఆపుడు ఒక పని, పట్నానికి తాగునీళ్లు ఇచ్చుడు రెండో పని. రెండు పనులు మంచిగనే చేసినయి. అయితే మూడోది కూడా ఒకటి జరిగింది, దాన్ని ఎవరూ పని కింద రాసుకోలే. ఏటా వచ్చే చిన్న చిన్న పారుడు కట్ట ఎనుకనే ఆగిపోయింది. కట్ట నిండి గేట్లు లేపితేనే కిందికి నీళ్లు. గేట్లు లేపితే మాత్రం ఒక్కసారే మీద పడతయి. 2025 సెప్టెంబరు చివర్ల పట్నం పెద్ద బస్టాండులకు మూసీ నీళ్లు వచ్చినయి గదా, అది కూడా పైన రెండు సాగర్ల గేట్లు లేపినప్పటి సంగతే. కట్ట వల్ల నది రెండు ముక్కలైంది: ఉంటే వరద, లేకుంటే ఎండుడు. నడిమి పారుడు పోయింది.

పైన ఉన్నోళ్ల కష్టం కూడా చెప్పాలె. రెండు సాగర్లను కాపాడుడు కోసం 1996ల 111 జీవో తెచ్చిండ్రు. 84 ఊళ్లల్ల, సాగర్ల చుట్టూ పది కిలోమీటర్ల దాకా ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు వద్దన్నరు. పక్కన కోకాపేటల భూమి బంగారమైతుంటే మొయినాబాద్, శంకర్‌పల్లి రైతులు ఇరవై ఆరేండ్లు చూసుకుంట కూసున్నరు. 2022ల 69 జీవోతోని ఆ ఆంక్షలు సడలించిండ్రు. పట్నం దాహం తీర్చే భారం అటు పైన రైతు మీద, ఇటు కింద రైతు మీద పడ్డది.

ఇగ రెండో మలుపు. పట్నం పెరిగింది, రెండు సాగర్లు చాలలే. 1965ల మంజీర నీళ్లు తెచ్చిండ్రు. 1981ల రెండో దఫా. 1990ల మొదట్ల సింగూరు నుంచి ఇంకో రెండు దఫాలు. మంజీర ఎవరి బిడ్డ? గోదావరి బిడ్డ. మూసీ కృష్ణ బిడ్డ. అంటే గోదావరి నీళ్లు పైపుల పడి పట్నం వచ్చి, పట్నం నాలాల నుంచి మూసీల పడి, వాడపల్లి దగ్గర కృష్ణల కలుసుడు 1965 నుంచే మొదలైంది. పట్టిసీమ దగ్గర గోదావరిని కృష్ణకు కలిపింది 2015ల. దానికంటే యాభై ఏండ్ల ముందే పట్నపోళ్లు స్నానాలు చేసి, గిన్నెలు కడిగి రెండు నదులను కలిపిండ్రు. శంకుస్థాపన లేదు, శిలాఫలకం లేదు.

ఈ లెక్కల నష్టపోయినోళ్లు కూడా ఉన్నరు. మంజీర మీద 1931ల నిజాంసాగర్ కట్టిండ్రు. నిజామాబాద్ దిక్కు చెరకు, వరి ఆ నీళ్ల మీదనే లేసినయి. పైన సింగూరుల నీళ్లు పట్నానికి పంచినంక కింద నిజాంసాగర్ ఆయకట్టోళ్లు, ఘనపురం ఆనకట్ట కిందోళ్లు ఏండ్ల తరబడి నీళ్ల కోసం కొట్లాడాల్సి వచ్చింది. పట్నం తాగునీళ్లు అంటే ఎవరన్నా ఏమంటరు? తాగునీళ్లకు మొదటి హక్కు. రైతు నోరు అక్కడనే మూతపడతది.

1998 నవంబరుల సైబర్ టవర్స్ తెరిచిండ్రు. అప్పుడు మాదాపూర్ అంటే గుండ్లు, సీతాఫలం చెట్లు. గుండ్లను పేల్చి పునాదులు తీసిండ్రు. చూస్తుండంగనే గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ అన్నీ లేసినయి. ఆ రాయి కింద కూడా మన కింద ఉన్న గ్రానైటే. బోర్లు వేసిండ్రు, కొన్నాళ్లకే ఎండినయి. గ్రానైటు మీద లచ్చల మందిని కూసోబెడితే నీళ్లు బయటి నుంచి రావాల్సిందే.

అట్ల వచ్చినయే కృష్ణ, గోదావరి. నాగార్జునసాగర్ ఎనుక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి, అక్కంపల్లి చెరువుల నింపి, కోదండాపూర్‌ల శుద్ధి చేసి పట్నం తెచ్చిండ్రు. 2004ల ఒక దఫా, 2008ల రెండోది, 2015ల మూడోది. ఒక్కో దఫాకు ఏడాదికి 5.5 టీఎంసీలు, మొత్తం 16.5. అదే 2015ల ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్ల పైపు వేసి గోదావరి నీళ్లు తెచ్చిండ్రు, 10 టీఎంసీల పథకం. ఎత్తు చూడుండ్రి. సాగర్ నిండు మట్టం సముద్రం మీద 590 అడుగులు. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు. పన్నెండు నూర్ల అడుగుల తేడా. కుతుబ్ షాల కాలంల ఉన్న వాలు హద్దు కరెంటు మోటర్లతోని పోయింది.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క చేద్దాం. మంజీర, సింగూరు పక్కన పెట్టుండ్రి. కృష్ణ, గోదావరి రెండు పథకాలే 26.5 టీఎంసీలు. గండిపేట, హిమాయత్ సాగర్ రెండూ నిండుగ నిండినా 7 టీఎంసీలు లేవు. అంటే మూసీ, ఈసీ రెండు నదులు తమ సాగర్లల్ల దాచుకోగలిగినదానికి దాదాపు నాలుగింతలు పైపులల్ల వస్తున్నది. ఇంటికి ఇచ్చిన నీళ్లల్ల నూటికి ఎనబై వంతులు మురికినీళ్లయి బయటికి వస్తయని ఇంజనీర్లు లెక్క కడతరు. ఆ లెక్కన 21 టీఎంసీలు. కేతేపల్లి దగ్గర సోలిపేటల 1963ల పూర్తయిన మన మూసీ ప్రాజెక్టుల పట్టేది 4.46 టీఎంసీలు. దాన్ని ఏడాదికి నాలుగుసార్లకు పైగా నింపేటన్ని నీళ్లు. పైపులు కారుడు, ఆవిరైపోవుడు తీసేసినా చిన్న లెక్క కాదు.

అందుకే అంటున్న, మూసీ ఇప్పుడు రెండు నదులు. అనంతగిరి నుంచి గండిపేట దాకా ఒక వాన నది. పట్నం నుంచి వాడపల్లి దాకా ఇంకో నది, దాని ఊట పట్నం.

ఊట అనే మాట ఊరికే వాడలే. దానికి ఒక కారణమున్నది. ఇక్కడ కొంచెం నేల ముచ్చట చెప్పాలె, ఓపిక పట్టుండ్రి.

మూసీ చివర, దామరచర్ల దాటినంక, రాయి మారుతది. గ్రానైటు పోయి సున్నపురాయి వస్తది. మఠంపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలన్ని ఉన్నది అందుకే. తాండూరు నాపరాళ్లు కూడా సున్నపురాయే. గ్రానైటుకూ దీనికీ తేడా ఏందంటే, సున్నపురాయి నీళ్లల్ల కరుగుతది. వాన నీళ్లు మట్టిల నుంచి దిగేటప్పుడు గాలిల ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతయి. ఆ పులుపు లక్షల ఏండ్లు సన్న పగులును తింటది. పగులు బొరియ అయితది, బొరియ సొరంగం అయితది, సొరంగం గుహ అయితది. కర్నూలు దిక్కు బెలుం గుహలు అట్ల అయినయే, మూడు కిలోమీటర్లకు పైగా పొడుగు. కృష్ణ అవతల పల్నాడుల గుత్తికొండ బిలం కూడా అసొంటిదే, లోపల నీళ్లు ఉంటయి.

ఇసొంటి నేలను చదువుకున్నోళ్లు కార్స్ట్ అంటరు. అక్కడ నదులు మన నదుల లెక్క నడవవు. ఒకచోట నేలల దూకి మాయమైతయి, ఇంకోచోట ఊటై లేస్తయి. పైన గుట్ట అడ్డమున్నా కింది నుంచి వేరే నది కడుపులకు పోతయి. మన తెలుగోళ్లకు దగ్గరల చూడాలంటే అరకు పోయే దారిల బొర్రా గుహలు. గోస్తనీ నది ఆ గుహలల్ల నుంచే వస్తది. అదే గోస్తనీ మీద కింద తాటిపూడి దగ్గర కట్ట కట్టి విశాఖపట్నానికి తాగునీళ్లు ఇస్తున్నరు. అంటే గుహల ఊట నది కూడా చివరికి పట్నం నల్లాలకే వచ్చింది.

దేశం బయట ఇంకా పెద్ద ముచ్చట ఒకటున్నది. ఒకప్పటి యుగోస్లావియాల, ఇప్పటి బోస్నియా హెర్జెగోవినాల, త్రెబిష్నిత్స అని ఒక నది. సున్నపురాయి నేల మీద నడుచుకుంట నడుచుకుంట బొరియలల్లకు దిగిపోయే నది. దాని తొవ్వల పోపోవో అని పొడుగాటి పల్లపు పొలం ఉన్నది. వానలు మొదలైతే బొరియలు మింగలేక పొలమంతా చెరువయ్యేది, నెలల తరబడి నీళ్లు నిలిచేది. ఊరోళ్లు అప్పుడు చేపలు పట్టేటోళ్లు. నీళ్లు దిగినంక మక్కలు వేసేటోళ్లు. 1968ల పైన పెద్ద డ్యామ్ కట్టిండ్రు, దాదాపు 45 టీఎంసీలు, మన పులిచింతల అంత. సొరంగం తవ్వి నీళ్లను సముద్రం ఒడ్డున కరెంటు కేంద్రానికి పంపిండ్రు. పొలంల నది బొరియలకు పోకుండ అరవై కిలోమీటర్లకు పైన నది అడుగున సిమెంటు వేసిండ్రు.

ఏమైంది? పోపోవో రైతుకు వరద బాధ పోయింది, ఏడాది పొడుగునా సాగు చేసుకునే వీలొచ్చింది. అది మంచే. కానీ ఆ బొరియల నుంచి దిగిన నీళ్లతోనే కింద ఎక్కడెక్కడో ఊటలు బతుకుతుండె. పైన మూస్తే కింద ఊటలు తగ్గినయి. ఆ ఊట మీద ఆధారపడ్డ బురద నేలలు, చిత్తడి నేలలు ఎండుముఖం పట్టినయి. నీళ్లు ఎక్కడ దిగుతయి, ఎక్కడ లేస్తయి అని తెలుసుకోనీకె అక్కడి ఇంజనీర్లు బొరియలల్ల రంగు నీళ్లు పోసి, ఏ ఊటల రంగు వస్తదా అని చూసేటోళ్లు.

ఇప్పుడు మన మూసీ దిక్కు చూడుండ్రి. మనది గ్రానైటు. లోపల గుహలు లేవు, సొరంగాలు లేవు. కానీ మనుషులు వేసిన పైపులు అదే పని చేస్తున్నయి. ఎల్లంపల్లి దగ్గర గోదావరి పైపుల దూకుతది, పుట్టంగండి దగ్గర కృష్ణ దూకుతది. నేల కింద వందల కిలోమీటర్లు పోయి, పట్నంల లక్షల నల్లాలల్ల లేస్తది. మళ్లీ డ్రైనేజీల దూకి మూసీ ఒడ్డున లేస్తది. ఒక నది కడుపుల నీళ్లు ఇంకో నది కడుపులకు పోతున్నయి. సున్నపురాయి నేలల వాన లక్షల ఏండ్లల్ల చేసిన పనిని మనం యాభై ఏండ్లల్ల చేసినం. దెబ్బ కూడా అదే తీరుగ తగుల్తది. ఆ పోపోవో కథ మనకు చెప్పేది ఒక్కటే: పైన బొరియ మూస్తే కింద ఊట పోతది. ఎప్పుడు మూస్తరో, ఎంత మూస్తరో కింద ఉన్నోళ్లను ఎవరూ అడగరు.

ఈ పట్నం ఊట మనకు ఏమిచ్చింది, ఏం తీసుకున్నది? నిజాయితీగ మాట్లాడుకుందాం.

ఇచ్చింది నీళ్లు. ఎండకాలం కూడా కత్వ మీదికెల్లి పారుతయి. పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, బునాదిగాని కాల్వల కింద, ఆసిఫ్ నహర్ కింద కరువు ఏండ్లల్ల కూడా రెండు పంటలు పండినయి. పట్నం దగ్గర పీర్జాదిగూడ దిక్కు గడ్డి కోసి బర్లకు అమ్మి ఎన్నో ఇండ్లు బతికినయి. పక్క మండలాలల్ల బోర్లు ఎండి రైతులు వలస పోయిన ఏడాది కూడా మా ఊర్ల వరి ఉండె. అబద్ధం చెప్పొద్దు, నా కొడుకు ఇంజనీరింగు ఫీజు మూసీ వడ్ల పైసలే.

తీసుకున్నది కూడా తక్కువ కాదు. మా తాత తాగిన చెలిమ నీళ్లల్ల నేను కాలు పెడితే దురద. నాట్లకు ఆడోళ్లు రారు, వచ్చినా ఎక్కువ కూలి అడుగుతరు, వాళ్ల తప్పేం లేదు. కత్వల కింద నురుగు గుట్టలు గుట్టలుగ లేస్తది. బావి నీళ్లు ఉప్పగయినయి. మూసీ వడ్లంటే మిల్లుల ధర తగ్గిస్తరు. పరిశోధన చేసినోళ్లు ఒక ముచ్చట చెప్పిండ్రు: పట్నం నుంచి కిందికి వచ్చేకొద్ది, ఒక్కో కత్వ దగ్గర నీళ్లు నిలిచి పారేకొద్ది, మురికి, పురుగుల గుడ్లు, రోగం సూక్ష్మజీవులు తగ్గుతయి. ఉప్పు మాత్రం తగ్గదు, పెరుగుతది. మన ముత్తాతలు సాగునీళ్ల కోసం కట్టిన కత్వలు ఇప్పుడు పట్నం మురికి కడిగే పని చేస్తున్నయన్నమాట. దానికి కూలి ఎవరూ ఇయ్యలే. మనం తాగేటివి మాత్రం మిషన్ భగీరథ పైపు నీళ్లు. నది ఒడ్డున ఉండి నది నీళ్లు నోట్ల పెట్టుకోలేని బతుకు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్న.

మూసీని బాగు చేస్తమంటున్నరు. 2024 నవంబరుల ముఖ్యమంత్రి మా దిక్కు సంగెం దగ్గర మూసీ ఒడ్డున నడిచిపోయిండు. అంబర్‌పేటల రోజుకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం, నాగోల్‌ల 17.2 కోట్ల లీటర్లది ముందు నుంచే ఉన్నయి. 2021 నుంచి ఇంకో 31 కేంద్రాలు మొదలుపెట్టిండ్రు. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి గండిపేట, హిమాయత్ సాగర్ నింపే పథకం కూడా ఉన్నది. నది బాగైతే మనకంటే సంబురపడేటోళ్లు ఎవరు? ఆ వాసన, ఆ దురద మనకంటే ఎక్కువ ఎవరు చూసిండ్రు?

కానీ దీంతోపాటే ఇంకో మాట కూడా నడుస్తున్నది. శుద్ధి చేసిన నీళ్లను పట్నంలనే మళ్లీ వాడుకోవాలె. పార్కులకు, కట్టడాలకు, కంపెనీల ఏసీలు చల్లబెట్టేదానికి. పట్నం దిక్కు నుంచి చూస్తే అది తెలివైన మాటే, తప్పు పట్టలేం. మా కొడుకు అపార్టుమెంటుల కూడా వాడిన నీళ్లను శుద్ధి చేసి బాత్రూం ఫ్లష్షుకు, చెట్లకు వాడుతరు. కానీ పట్నం ఎంత తెలివిగ నీళ్లు తిప్పి వాడితే, కిందికి వచ్చేది అంత తగ్గుతది. ఒడిసి పట్టిన ప్రతి చుక్కా మన కత్వకు రావాల్సిన చుక్కే. పోపోవోల బొరియలకు సిమెంటు వేసినట్టే ఇది కూడా.

మన దగ్గర కాగితం ఏమున్నది? మూసీ వాన నీళ్లకు మన కత్వల హక్కు నిజాం కాలం నుంచి రికార్డుల ఉన్నది. పట్నం వదిలిన నీళ్లకు? నలబై ఏండ్ల నుంచి వాడుకుంటున్నం కానీ అది అలవాటు, హక్కు కింద రాసి లేదు. నిజాంసాగర్ కిందోళ్లకు ఆయకట్టు కాగితం ఉండి కూడా నీళ్లు తగ్గినయి. మనకు కాగితమే లేదు. మురికి అని మనమే ముక్కు మూసుకున్నం, మాది అని ఎప్పుడూ అడగలే.

అందుకే నాకు తోచింది చెప్తున్న. తప్పయితే సరిదిద్దుండ్రి.

ఒకటి, "మూసీని శుభ్రం చెయ్యండి" అని అడిగేటప్పుడు "శుభ్రం చేసినంక ఇన్ని నీళ్లు కిందికి వదలండి" అని కూడా అదే నోటితోని అడగాలె. మొదటిది ఒక్కటే అడిగితే శుభ్రమైన ఎండిన నది మిగుల్తది.

రెండు, లెక్క మన దగ్గర ఉండాలె. కత్వ మీద ఎంత ఎత్తున పారుతున్నదో నెలకోసారి కర్ర పెట్టి కొలిచి తారీఖుతోని రాసి పెట్టుకుంటే పైస ఖర్చు లేదు. ఆ సున్నపురాయి దేశంల ఇంజనీర్లు రంగు పోసి ఊట ఎక్కడిదో తేల్చిండ్రు. మన ఊట ఎక్కడిదో మనకు తెలుసు, ఎంతో తెలియదు. నేను ఈ నెల నుంచి మొదలుపెట్టిన.

మూడు, నీళ్ల పరీక్ష, మట్టి పరీక్ష ఏడాదికి ఒకసారన్న చేయించుకోండ్రి. ముఖ్యంగ ఉప్పు. నీళ్లు శుద్ధి అయినయంటే ఉప్పు పోయిందని కాదు. అది తెలియక భూమి పాడైతే తర్వాత నీళ్లు వచ్చినా లాభం ఉండదు.

నాలుగు, ఇది ఒక్క ఊరితోని అయ్యే పని కాదు. పైన కత్వోళ్లు, కింద కత్వోళ్లు కాల్వ దగ్గర కొట్లాడుకునుడు మనకు అలవాటే. ఈ ఒక్క ముచ్చటల మాత్రం ప్రతాపసింగారం నుంచి కేతేపల్లి దాకా అందరం ఒకే కాల్వ కింద ఉన్నట్టు.

చివరగ ఒక పని అప్పజెప్తున్న. మీ ఇంట్ల డెబ్బై దాటిన పెద్దోళ్లు ఉంటే అడిగి కామెంటుల రాయుండ్రి: మీ ఊరి దగ్గర మూసీ ఎండకాలం కూడా పారుడు ఏ ఏడాది నుంచి మొదలైంది? చెలిమ నీళ్లు తాగుడు ఏ ఏడాది ఆపిండ్రు? ఊరి పేరు, ఏడాది రాస్తే చాలు. మన నది ఎప్పుడు మారిందో పట్నం రికార్డుల ఉండదు, మన ముసలోళ్ల నోట్లనే ఉన్నది. వాళ్లు పోతే అది కూడా పోతది.

మొన్న మనవరాలు ఫోన్ చేసి "తాతా, ఇయ్యాల నేను నల్లా రెండుసార్లు ఇప్పిన, నీ పొలానికి నీళ్లు వచ్చినయా?" అని అడిగింది. వచ్చినయి బిడ్డా అన్న. ఆ పొద్దు కత్వ మీద మూరెడు పారుతున్నది. రాసి పెట్టుకున్న.